ఉపకారమా, వేతనమా? రూత్ ఫస్ట్ పేరున ఒక విద్యార్థి వేతనం

ఉపకార వేతనం అనే సమాసాన్ని మనం ఏనాడూ విడదీసి చూసుకోలేదు. వేతనం శ్రమకు ప్రతిఫలం. ఉపకారం పెట్టేవాడి దయ. ఒకటి అడిగి పుచ్చుకునేది, రెండోది చేయి చాచి అందుకునేది. ఈ రెంటినీ ఒక తాటికి కట్టిన మహానుభావుడు ఎవరైతేనేం, చదువుకునే పేదవాడి పట్ల మన సమాజానికున్న రెండు నాలుకల వైఖరిని ఆ మాట దాచకుండా చెబుతుంది. బడిపంతులుగా ప్రతి ఏడూ ఆ దరఖాస్తులు పిల్లల చేత నింపించేవాణ్ణి నేనే. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, పాసుపుస్తకం నకలు జతచేసి సంతకం పెట్టించేటప్పుడు పదమూడేళ్ల పిల్ల మొహంలో ఒక సంకోచం కనిపిస్తుంది. అది ఉపకారం తాలూకు సంకోచం. వేతనం తీసుకునేవాళ్ల మొహంలో అది ఉండదు.

ఈ చర్చ ఇప్పుడెందుకంటే, మాకు పాఠం చెప్పిన ఒక అధ్యాపకుడు ఈమధ్య కన్నుమూశారు. పూర్వ విద్యార్థులం కలిసి ఆయన పేరున విశ్వవిద్యాలయంలో ఏదైనా ఒక స్మారకం నెలకొల్పాలనుకున్నాం. తోటివాళ్లలో ఎక్కువమంది బంగారు పతకం అన్నారు. కొందరు ఏటా ఒక స్మారకోపన్యాసం అన్నారు. విద్యార్థి వేతనం అన్నవాళ్లం ముగ్గురం. నియమావళి ముసాయిదా రాసే పని మాత్రం నా మీద పడింది.

పతకం గురించి మాట్లాడే హక్కు నాకు కాస్త ఉంది. ఎం.ఏ. తెలుగులో నాకూ ఒకటి వచ్చింది. పేరుమోసిన ఒక ఆచార్యుడి పేరున ఆయన శిష్యులు పెట్టిన పతకం అది. స్నాతకోత్సవంలో అద్దె గౌను వేసుకుని ఫొటో దిగి, ఇంటికి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టాను. నిజం చెప్పాలంటే ఆనాటికి ఆ ఆచార్యుడు రాసిన పుస్తకం ఒక్కటీ నేను చదవలేదు. చదివావా అని అడిగినవాళ్లూ లేరు. పదేళ్లు గడిచాక కోఠీ ఫుట్‌పాత్ మీద ఆయన వ్యాససంపుటి ఒకటి దొరికితే కొని చదివాను. అంత తేటగా ఆలోచించిన మనిషి పేరును మెడలో వేసుకుని, ఆయన మాట ఒక్కటీ ఎరగకుండా పదేళ్లు గడిపినందుకు సిగ్గేసింది.

అదే ఏడు మా తరగతిలో పాలమూరు జిల్లా నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. అతని తండ్రి గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఏడాదిలో ఎనిమిది నెలలు ఊరు విడిచి కాలువ పనుల మీద పోయేవాడు. ఛందస్సులో గాని, శాసన భాషలో గాని మాలో ఎవరికీ అతనికున్నంత పట్టు లేదు. రెండో ఏడు దసరా సెలవులకు ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. హాస్టలు నోటీసు బోర్డు మీద బకాయిదారుల జాబితాలో అతని పేరు పక్కన నాలుగు నెలల మెస్ బిల్లు రాసి ఉంది. పతకం పరీక్షలయ్యాక ఇస్తారు. మెస్ బిల్లు నెలనెలా కట్టాలి. నాకు వచ్చిన పతకం అతనిది కావలసిందని మర్యాదకు అనడం లేదు, మొదటి ఏడు మార్కుల జాబితా చూసినవాడిగా అంటున్నాను.

ముసాయిదాకు కూర్చున్నప్పుడు ఇతర చోట్ల ఇట్లాంటివి ఎట్లా నడుస్తున్నాయో వెతికాను. చాలావాటిలో పేరుకూ పనికీ సంబంధం కనిపించలేదు. నన్ను ఆపి కూర్చోబెట్టింది ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయంలో రూత్ ఫస్ట్ పేరున ఉన్న విద్యార్థి వేతనం. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ మనిషిని తెలుసుకోవాలి.

రూత్ ఫస్ట్ 1925లో జొహానెస్‌బర్గులో పుట్టింది. బాల్టిక్ ప్రాంతం నుంచి వలసవచ్చిన యూదు కుటుంబం. తల్లిదండ్రులిద్దరూ దక్షిణాఫ్రికా కమ్యూనిస్టు పార్టీ తొలితరం సభ్యులు. విట్వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో ఆమె చదువుకునే రోజుల్లో అక్కడ నెల్సన్ మండేలా ఉన్నాడు, భారతీయ సంతతికి చెందిన ఇస్మాయిల్ మీర్, జె.ఎన్. సింగ్ ఉన్నారు. భారతీయ సంతతి అన్నప్పుడు మన వాళ్లను కూడా తలుచుకోవాలి. 1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు మద్రాసు రేవు మీదుగా కట్టుకూలీలుగా పోయినవాళ్లలో విశాఖ, గంజాం ప్రాంతాల తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్ల సంతతి నిలబెట్టుకున్న ఆంధ్ర మహాసభ 1931 నాటిది. రూత్ కథ మనకు మరీ పరాయిది కాదు.

చదువు ముగిశాక ఆమెకు జొహానెస్‌బర్గు నగరపాలక సంస్థలో, సాంఘిక సంక్షేమ శాఖలో పరిశోధక సహాయకురాలి ఉద్యోగం దొరికింది. ఆమెకు అప్పగించిన పనుల్లో ఒకటి నగరోత్సవ స్మారక సంచికకు సమాచారం కూర్చడం. తెల్లవాళ్ల నగరం ఎంత అభివృద్ధి చెందిందో అంకెలతో సహా రాయడమన్నమాట. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1946 ఆగస్టులో, ఆ నగరాన్ని నిలబెట్టిన బంగారు గనుల్లో ఆఫ్రికన్ కార్మికులు సమ్మె కట్టారు. రోజుకు పది షిల్లింగుల కూలి కావాలన్నది వాళ్ల కోరిక. డెబ్బైవేల మందికి పైగా పాల్గొన్న ఆ సమ్మెను పోలీసులు కొద్దిరోజుల్లోనే లాఠీలతో, తుపాకులతో అణచివేశారు. రూత్ స్మారక సంచికను బల్ల మీద వదిలేసి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, సమ్మె కరపత్రాల పనిలోకి వెళ్లింది. స్మారకాలు రాయడం కన్నా చేయవలసిన పని ఒకటి ఉందని ఇరవయ్యొక్క ఏళ్లకే తేల్చుకున్న మనిషి పేరున తర్వాత స్మారకం వెలిసింది.

ఆ తర్వాత పదిహేనేళ్లు ఆమె పత్రికా రచయిత్రి. ప్రభుత్వం ఒక పేరున పత్రికను నిషేధిస్తే మరో పేరున తెస్తూ వచ్చిన వామపక్ష వారపత్రికల్లో పనిచేసింది. 1947లో బెథాల్ ప్రాంతపు బంగాళాదుంపల కమతాల్లో వెట్టి బతుకులు ఎట్లా ఉన్నాయో వెళ్లి చూసి రాసింది. గోనెసంచులకు చిల్లులు పెట్టుకుని తొడుక్కునే కూలీల గురించి లోకానికి తెలిసింది అప్పుడే. పన్నెండేళ్ల తర్వాత, 1959లో, దేశమంతటా ఆఫ్రికన్ ప్రజలు బంగాళాదుంపలను బహిష్కరించినప్పుడు ఆ ఉద్యమం వెనుక ఇట్లాంటి రచనలు ఉన్నాయి. 1956లో రాజద్రోహ నేరం మోపిన 156 మందిలో ఆమె, భర్త జో స్లోవో ఇద్దరూ ఉన్నారు. చివరికి ప్రభుత్వం ఆమెను రాయకుండా నిషేధించింది. రాయడం బతుకైన మనిషి రాయకూడదంటే ఏం చేస్తుంది? గ్రంథాలయ శాస్త్రం చదవడానికి మళ్లీ తన పాత విశ్వవిద్యాలయానికి వెళ్లింది. 1963 ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే పోలీసులు ఆమెను పట్టుకున్నారు.

విచారణ లేకుండా తొంభై రోజులు నిర్బంధించవచ్చునన్న చట్టం కింద ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. చదువుకోవడానికి బైబిలు తప్ప మరో కాగితం లేదు. తొంభై రోజులు ముగిశాక వదిలిపెట్టినట్టే పెట్టి, వీధిలోకి అడుగు పెట్టగానే మళ్లీ పట్టుకున్నారు. మొత్తం 117 రోజులు. 1965లో వచ్చిన ఆమె జైలు పుస్తకం పేరు కూడా అదే, ‘117 రోజులు’. మన దగ్గర జైలు సాహిత్యానికి కొరత లేదు గాని, ఈ పుస్తకంలో ఒక గుణం నాకు అరుదుగా తోచింది. తాను ఎంత గట్టిగా నిలబడిందో చెప్పడం కన్నా, ఎక్కడ కుంగిపోయిందో చెప్పడానికి ఆమె ఎక్కువ స్థలం ఇచ్చింది. పోలీసులకు కొంత వాంగ్మూలం ఇవ్వడం మొదలుపెట్టి, అది ఎంత ప్రమాదమో గ్రహించి, తన మీద తనకే నమ్మకం పోయి ప్రాణం తీసుకోబోయిన సంగతి దాచలేదు. వీరగాథల ధోరణికి అలవాటుపడిన మన అభ్యుదయ రచయితలు ఈ నిజాయితీని గమనించాలి. నిర్బంధం మనిషిని ఎట్లా విరుస్తుందో చెప్పకుండా నిర్బంధాన్ని ఖండించడం సగం పనే.

1964లో ఆమె ముగ్గురు ఆడపిల్లలతో ఇంగ్లండుకు ప్రవాసం వెళ్లింది. ఆఫ్రికా దేశాల్లో సైనిక కుట్రల మీద ఆమె రాసిన పెద్ద గ్రంథం 1970లో వచ్చింది. కొత్తగా స్వతంత్రమైన దేశాల పాలకవర్గాలను విమర్శించిన ఆ పుస్తకం చాలామంది మిత్రులకే మింగుడుపడలేదు. 1973 నుంచి 1978 దాకా డర్హమ్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రం బోధించింది. డర్హమ్ అంటే ఇంగ్లండులో బొగ్గు గనుల సీమ, మన సింగరేణి లాంటిది. 1871 నుంచి అక్కడి గని కార్మికులు తమ తమ జెండాలు ఎత్తుకుని, బ్యాండు మేళాలతో పాత చర్చి నగరంలోకి నడిచివచ్చే వార్షికోత్సవం జరుగుతోంది. 1990లలో అక్కడ ఆఖరి లోతు గనులు మూతపడ్డా ఆ ఊరేగింపు ఆగలేదు. బంగారు గనుల సమ్మెతో ప్రజాజీవితంలోకి వచ్చిన మనిషి బొగ్గు గనుల సీమలో పంతులమ్మగా చేరడం కాకతాళీయమే. అయినా చెప్పుకోదగిన కాకతాళీయం.

ఇంగ్లండులో ఆచార్య పదవిలో హాయిగా స్థిరపడవచ్చు. కాని 1975లో మొజాంబిక్ పోర్చుగీసు వలస పాలన నుంచి విముక్తమైంది. రాజధాని మపూటోలోని విశ్వవిద్యాలయానికి విమోచనోద్యమ నాయకుడు ఎడ్వర్డో మోండ్లేన్ పేరు పెట్టారు. అక్కడి ఆఫ్రికా అధ్యయన కేంద్రంలో పరిశోధన విభాగానికి బాధ్యురాలిగా రూత్ వెళ్లింది. అక్కడ ఆమె చేసిన పని మీద కాసేపు నిలవాలి. సాహిత్య విద్యార్థులకు ఇందులో పనికివచ్చేది ఉంది.

దక్షిణ మొజాంబిక్ గ్రామాల నుంచి మగవాళ్లు తరాలుగా దక్షిణాఫ్రికా బంగారు గనులకు కూలికి పోయేవారు. 1975లో లక్షమందికి పైగా పోయారు. ఆ తర్వాత రెండేళ్లలో ఆ సంఖ్య సగానికన్నా కిందికి పడిపోయింది. గనుల యజమానుల సంఘానికి ఊరూరా కూలీల భర్తీ కేంద్రాలు ఉండేవి. పోర్చుగీసు ప్రభుత్వం చేసుకున్న ఒడంబడిక ప్రకారం కూలిలో కొంత భాగం కార్మికుడి చేతికి అక్కడ ఇవ్వకుండా ఆపి, ఊరికి తిరిగివచ్చాక ఇచ్చేవారు. ఆ ఆపిన కూలి వలస ప్రభుత్వానికి బంగారం రూపంలో ముట్టేది. ప్రభుత్వం దాన్ని బయటి ధరకు అమ్ముకుని మిగులు తినేది. పాలమూరు గుంపుమేస్త్రీ వ్యవస్థ తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

రూత్, ఆమె సహచరులు, విద్యార్థులు ఇన్యాంబానె ప్రాంతపు పల్లెల్లో తిరిగి ఈ కార్మికుల బతుకును నమోదు చేశారు. ఆ విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగుల్లోంచి, పార్టీ కార్యకర్తల్లోంచి వచ్చినవాళ్లు. ముందు సిద్ధాంతం, తర్వాత క్షేత్రం అనే వరుస అక్కడ లేదు. పల్లెకు పోయి ప్రశ్నపత్రం నింపుతూ, ఆ ప్రశ్నలు ఎక్కడ తప్పో తెలుసుకుంటూ నేర్చుకునేవారు. ఆ పరిశోధన ఆమె చనిపోయిన మరుసటి ఏడు ‘నల్ల బంగారం’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకమైంది. అందులోని ప్రధాన వాదన ఇది: గనిలో కార్మికుడైనవాడు ఊళ్లో రైతు. పెళ్లాంబిడ్డలను పొలం పోషిస్తుందన్న లెక్కతో గని యజమాని కూలి తగ్గించి ఇస్తాడు. ఆ పొలానికి నాగలి, ఎడ్లు కొనాలంటే గని కూలి తప్ప దారి లేదు. రెండు కాళ్ల మీద నిలబడినట్టు కనిపించే మనిషి నిజానికి రెండు చోట్లా కట్టివేయబడి ఉన్నాడు.

ఆ పుస్తకంలో పట్టికలు, చార్టులు ఎంత ముఖ్యమో పాటలు అంత ముఖ్యం. ఆల్ఫియస్ మాంగెజి అనే పరిశోధకుడు గనికి పోయినవాళ్ల పాటలు, ఊళ్లో మిగిలిన ఆడవాళ్ల పాటలు, ముఖాముఖి సంభాషణలు సేకరించాడు. వాటిని ఆమె పుస్తకం చివర అలంకారంగా అతికించలేదు, సాక్ష్యంగా నిలబెట్టింది. మన దగ్గర జానపద గేయ పరిశోధన తక్కువేమీ కాదు. బిరుదురాజు రామరాజు నుంచి ఎందరో ఆ దారిలో కష్టపడ్డారు. కాని మన సిద్ధాంత గ్రంథాల్లో పాట ఎక్కువగా రసం, అలంకారం, వస్తు వర్గీకరణల కింద చీలిపోతుంది. నాట్ల పాట పాడినామె కూలి ఎంత, అది ఎవరి పొలం, మగడు ఏ ఊరు పోయాడు అన్న ప్రశ్నలు అధస్సూచికల్లో కూడా రావు. ఆర్థిక శాస్త్రజ్ఞులు పాటను పక్కన పెడతారు, మనం కూలిని పక్కన పెడతాం. ఈ రెండు పొరపాట్లూ చేయని పుస్తకం కావడం వల్లనే అది నాకు సాహిత్య విమర్శకుడిగా కూడా పాఠ్యగ్రంథమైంది.

1982 ఆగస్టు 17న, మపూటోలో సామాజికశాస్త్రాల సదస్సు ముగిసిన కొద్దిరోజులకు, ఆమె విశ్వవిద్యాలయంలోని తన గదిలో వచ్చిన తపాలా విప్పుతోంది. అందులో దక్షిణాఫ్రికా పోలీసులు పంపిన బాంబు ఉంది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. గదిలో ఉన్న సహోద్యోగులు గాయపడ్డారు. గ్రంథాలయంలో అరెస్టయిన మనిషి అధ్యయన కేంద్రంలో హతమైంది. ఉత్తరాలు రాయడం, ఉత్తరాలు విప్పడం పనిగా ఉన్న పండితురాలిని చంపడానికి ఉత్తరాన్నే ఆయుధం చేసుకున్నారు. ఆ పని చేయించిన క్రెయిగ్ విలియమ్సన్ అనే పోలీసు గూఢచారికి, బాంబు తయారుచేసినవాడికి 2000లో దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య సంఘం క్షమాభిక్ష ఇచ్చింది. రూత్ పిల్లలు దాన్ని వ్యతిరేకించారు. నిజం చెబితే చాలు, శిక్ష అక్కరలేదన్న ఆ ఏర్పాటు మీద నాకు ఇప్పటికీ సమాధానం లేదు.

ఆమె పోయిన తర్వాత డర్హమ్‌లోని సహోద్యోగులు, మిత్రులు విరాళాలతో ఒక ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. ట్రస్టు, విశ్వవిద్యాలయం కలిసి దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు దేశాల విద్యార్థికి డర్హమ్‌లో ఏడాదిపాటు స్నాతకోత్తర విద్య చదువుకునే వీలు కల్పిస్తాయి. ఎంపికలో మార్కులతో పాటు, ఆ విద్యార్థి తన ప్రజల కోసం ఏం చేశాడు, తిరిగి వెళ్లి ఏం చేయదలచాడు అన్నది చూస్తారు. చూడడానికి చిన్న ఏర్పాటు. ఇంగ్లండులో ఉన్న పాఠశాలను ఆఫ్రికాకు మోసుకుపోలేరు గనక ఆఫ్రికా విద్యార్థిని అక్కడికి పిలుస్తారు. అంతమాత్రాన ఆ ఏర్పాటు తేలికైనదనుకోకూడదు. ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు ఆమె జీవితంలోంచి జవాబు తీసుకున్నారు. నాకు ముఖ్యమనిపించింది అదే.

ఇది ఎంత అరుదో తెలియాలంటే అదే గనుల నుంచి పుట్టిన మరో విద్యార్థి వేతనాన్ని పక్కన పెట్టి చూడాలి. లోకంలో ఎక్కువమందికి తెలిసిన స్మారక విద్యార్థి వేతనం సెసిల్ రోడ్స్‌ది. వజ్రాల గనులు, బంగారు గనులు చేజిక్కించుకుని, కేప్ కాలనీకి ప్రధానమంత్రి కూడా అయిన రోడ్స్ 1902లో చనిపోతూ వీలునామాలో ఆక్స్‌ఫర్డు చదువులకు డబ్బు రాశాడు. ఆ డబ్బు ఎక్కడిది? 1894లో అతను తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం, ఊరు దాటి కూలికి పోని ఆఫ్రికన్ మగవాడి మీద ఏడాదికి పది షిల్లింగుల పన్ను వేసింది. పని చేయకపోతే కట్టవలసిన పది షిల్లింగులు 1894లో, పని చేసినందుకు రోజుకు అడిగిన పది షిల్లింగులు 1946లో. ఈ రెండు పదుల మధ్య దక్షిణాఫ్రికా చరిత్ర అంతా ఉంది. రోడ్స్ విద్యార్థి వేతనంలో ఆడవాళ్లకు 1977 దాకా చోటు లేదు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలోని అతని విగ్రహాన్ని విద్యార్థులు పోరాడి 2015 ఏప్రిల్‌లో తీయించారు. విద్యార్థి వేతనం మాత్రం నడుస్తోంది. మన దేశానికీ 1947 నుంచి అందులో వాటా ఉంది.

ఇక్కడ సాహిత్య విద్యార్థులకు ఒక ముచ్చట. దక్షిణాఫ్రికా తొలి గొప్ప నవలాకారిణి ఆలివ్ ష్రైనర్ 1897లో రోడ్స్ కంపెనీ సైనికుల హత్యాకాండను దుయ్యబడుతూ ఒక చిన్న నవల రాసింది. చెట్టుకు ఉరితీసిన ఆఫ్రికన్ల ఫొటోను పుస్తకం మొదట అచ్చు వేయించింది. ఆ ష్రైనర్ జీవిత చరిత్రను ఆన్ స్కాట్‌తో కలిసి 1980లో రాసింది ఎవరనుకున్నారు? రూత్ ఫస్టే. రోడ్స్ మీద ఆమె వ్యాఖ్య వేరే వెతకనక్కరలేదు.

అయితే డబ్బు పుట్టుకను బట్టి దాన్ని అందుకున్నవాడి బతుకు నిర్ణయమైపోతుందని అనుకుంటే అది యాంత్రికమైన ఆలోచన. మండేలా కేసు వాదించిన బ్రామ్ ఫిషర్ రోడ్స్ విద్యార్థే. అతను కమ్యూనిస్టు పార్టీ నాయకుడై, యావజ్జీవ శిక్ష పడి, 1975లో చనిపోయేదాకా ఖైదీగానే ఉన్నాడు. అట్లాగే రూత్ ఫస్ట్ పేరున చదువుకున్నంత మాత్రాన ఎవరూ రూత్ ఫస్ట్ కారు. పైగా విశ్వవిద్యాలయాలకు ఒక నేర్పు ఉంది. బతికున్నప్పుడు ఇబ్బంది పెట్టిన మనిషిని చనిపోయాక గౌరవనీయుణ్ణి చేసి, పేరును ఫలకం మీదికెక్కించి, మాటను బీరువాలో పెట్టి తాళం వేయగలవు. నా పతకం విషయంలో జరిగింది అదే. ఆ ప్రమాదం ఏ విద్యార్థి వేతనానికైనా ఉంది.

మన దేశంలో ఈ విషయానికి మరో ముఖం ఉంది. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌన్లు ఇచ్చి అంబేద్కర్‌ను కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపాడు. తిరిగివచ్చి సంస్థానంలో పదేళ్లు ఉద్యోగం చేయాలన్నది షరతు. మాట ప్రకారం 1917లో బరోడాకు వచ్చిన అంబేద్కర్‌కు ఆ ఊళ్లో తలదాచుకోవడానికి ఇల్లు దొరకలేదు. పేరు దాచుకుని దిగిన పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. వేతనం ఇచ్చినవాడు మంచివాడే. తిరిగివచ్చేవాడి కోసం ఊరు మారలేదు. పూర్వం వారాలు చేసుకుని చదువుకున్న పిల్లల కథలు మన పెద్దలు మురిపెంగా చెబుతారు. ఏ ఇంటి వాకిట్లో ఏ కులం పిల్లవాడికి విస్తరి వేసేవారో కూడా అదే నోటితో చెప్పాలి.

2016 జనవరి 17న హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అతని ఆఖరి ఉత్తరం గురించి చాలా రాశారు. అందులో అతను నక్షత్రాల గురించి రాసిన మాటలనే అందరూ తలుచుకుంటారు. అదే ఉత్తరంలో ఒక లెక్క కూడా ఉంది. ఏడు నెలల ఫెలోషిప్పు, ఒక లక్షా డెబ్బై అయిదు వేల రూపాయలు తనకు రావలసి ఉంది, అది తన కుటుంబానికి అందేలా చూడమన్నాడు. ఉపకారం అడగలేదు, బాకీ అడిగాడు. వేతనం అన్న మాటకు తెలుగు నేల మీద నాకు తెలిసిన సరైన అర్థం ఆ ఉత్తరంలో ఉంది.

ఇక మా ముసాయిదా సంగతి. శాశ్వత నిధి అంటే అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే ఖర్చు చేయడం. 1990ల మధ్యలో పన్నెండు శాతం దాకా వడ్డీ ఇచ్చిన బ్యాంకులు ఇప్పుడు ఆరేడు శాతం ఇస్తున్నాయి. లక్ష రూపాయల మీద ఆనాడు పన్నెండు వేలు వస్తే ఈనాడు ఆరున్నర వేలు. ధరలు మాత్రం కిందికి రాలేదు. బంగారు పతకాలు బంగారు పూత పతకాలైంది ఇందువల్లే. వడ్డీని నమ్ముకున్న స్మారకం ఏటేటా చిక్కిపోతుంది. అంచేత కొంత నిధితో పాటు ఏటా పూర్వ విద్యార్థులు చందా వేసుకోవాలని రాశాను. డర్హమ్‌లో విరాళాలతో నడిపేవాళ్లకు ఏటా కలిగే శ్రమ మాకూ ఉండాలి. చందా అడగడానికి ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆ మాస్టారు గురించి ఏటా ఒకసారి మాట్లాడుకోక తప్పదు.

మా మాస్టారు విద్యార్థులను తరగతి గదిలో కూర్చోనిచ్చేవారు కారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశం చూపించి, ఇందులో మీ ఊరి మాట లేకపోతే అది మీ తప్పు అనేవారు. మగ్గాల దగ్గరికి, కుమ్మరి ఆవాల దగ్గరికి పంపేవారు. తెచ్చిన ప్రతి మాట పక్కన చెప్పినవాళ్ల పేరు, ఆ రోజు వాళ్లకు గిట్టిన కూలి రాయించేవారు. కూలి ఎందుకని అప్పట్లో విసుక్కున్నాం. రూత్ ఫస్ట్ పుస్తకం చదివేదాకా నాకు ఆ ప్రశ్నకు జవాబు తట్టలేదు. అందుకని ముసాయిదాలో ఇట్లా రాశాను: ఈ వేతనం పొందిన విద్యార్థి వేసవిలో ఆరు వారాలు ఒక వృత్తివారి మధ్య ఉండి పదాలు సేకరించాలి, కూలి రేట్లతో సహా. ఎంపిక చేసేవాళ్లు మాస్టారి వ్యాసాలు చదివి ఉండాలి. ఏటా సభలో ఆయనను పొగిడే ఉపన్యాసం వద్దు, ఆయన అభిప్రాయం ఒకదాన్ని ఆ విద్యార్థి సహేతుకంగా ఖండించాలి, లేదా కొనసాగించాలి. డబ్బు జూన్ నుంచి నెలనెలా, అయిదో తేదీలోగా, మెస్ బిల్లుకు ముందుగా చేరాలి. దరఖాస్తు మీద ఉపకార అనే మాట ఉండకూడదు.

ముసాయిదా చేతులు మారి గత వారం నా దగ్గరికి తిరిగివచ్చింది. ఖండించాలి అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత ఉంది. అయిదో తేదీ పక్కన, ఇంత కచ్చితంగా కుదురుతుందా అని ఒకరు రాశారు. కూలి రేట్లు అన్నచోట ప్రశ్నార్థకం. చివరి పుట అడుగున మాత్రం, పేరు లేకుండా, పెన్సిలుతో ఒక వాక్యం ఉంది: పాలమూరు నుంచి వచ్చిన మన క్లాసుమేటు ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికైనా తెలుసా? సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం.